వీణకు తగిన తీగ ఏది?

వీణను శ్రుతిచేసి నాలుగు తీగలనూ వరుసగా మీటినప్పుడు, స్థాయిలు వేరైనా అవి ఒకే వాద్యపు గొంతుతో పలకాలి. సారణి కంగుమని మ్రోగి, అనుమంద్రం మొద్దుబారినట్లు వినిపిస్తే, రాగం పైనుంచి కిందికి దిగివచ్చే దారిలో వాద్యమే మారిపోయినట్లుంటుంది. అటువంటప్పుడు తప్పును వీణ చేసినవారిమీదనో, నేర్చుకొనే పిల్లలమీదనో వేయడం పరిపాటి. ‘వీణ మంచిది కాదు’ అంటారు; లేదా ‘ఇంకా చేయి తిరగలేదు’ అంటారు. ఈ రెండు మాటలూ అనడానికి ముందు పరీక్షించవలసినది మరొకటి ఉన్నది. అది తీగ.

బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలోనూ, నూజివీడులోనూ పనసకఱ్ఱతో వీణలు చేసే పనివారున్నారు. ఏ వీణకు ఏ తీగ నప్పుతుందో వారికి అనుభవంవల్ల తెలుసు. కాని పల్నాడు జిల్లాలోని క్రోసూరు వంటి ఊరిలో ఒక ఇంట వీణ ఉండి, దాని తీగ తెగిందనుకొందాం. సలహా చెప్పే పనివాడు పక్కవీధిలో ఉండడు. ఎంత మందంగల తీగ తెప్పించాలో ఆ ఇంటివారే నిర్ణయించుకోవాలి. అందుకు కావలసిన శాస్త్రం కొద్దిపాటిదే.

మూడు సూత్రాలు

ఫ్రాన్సు దేశీయుడు మరిన్ మెర్సెన్ 1636లో ప్రకటించిన గ్రంథంలో తీగల కంపనాలకు సంబంధించిన సూత్రాలను వివరించాడు. తీగ నిడివి సగమైతే సెకనుకు అది చేసే కంపనాల సంఖ్య రెట్టింపవుతుంది. బిగువు నాలుగు రెట్లయితే కంపనాలు రెట్టింపవుతాయి. మీటరు తీగ బరువు నాలుగు రెట్లయితే కంపనాలు సగమవుతాయి. ఒకే లోహపు తీగలలో మందం రెట్టింపయితే బరువు నాలుగు రెట్లవుతుంది కనుక, మందం రెట్టింపయినా కంపనాలు సగమవుతాయని చెప్పవచ్చు.

వీణమీద సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అనే నాలుగు వాయించే తీగలకూ మేరువు నుంచి గుర్రం వరకు నిడివి దాదాపు ఒక్కటే. కాబట్టి వాటి స్వరాలలోని తేడా బిగువువల్లనైనా రావాలి, బరువువల్లనైనా రావాలి. ఒక లెక్క వేసి చూద్దాం. తీగ నిడివి 85 సెంటీమీటర్లు, సారణి సెకనుకు 160 కంపనాలు చేస్తుందనుకొంటే, దాని కింది పంచమానికి 120, మంద్రానికి 80, అనుమంద్రానికి 60 కంపనాలు ఉండాలి. సారణికి 0.30 మిల్లీమీటరు ఉక్కుతీగ వేస్తే దానిమీద పడే బిగువు సుమారు 4.2 కిలోల బరువు వ్రేలాడదీసినంత.

అదే తీగను అనుమంద్రానికి కూడ వేస్తే ఏమవుతుంది? బిగువు అందులో ఏడోవంతుకు, అంటే సుమారు 600 గ్రాములకు పడిపోతుంది. తీగ జోగుతుంది, మెట్లకు తగిలి జరజరమంటుంది, మీటిన వ్రేలికి ఎదురు నిలవదు. ఇందుకు భిన్నంగా నాలుగు తీగలకూ బిగువు సమంగా ఉండాలంటే, ఉక్కుతీగల మందాలు వరుసగా 0.30, 0.40, 0.60, 0.80 మిల్లీమీటర్లు కావాలి. సమతూకానికి ఇది మొదటి మెట్టు. వాదకుల అలవాటునుబట్టి కొంచెం హెచ్చుతగ్గులు ఉండవచ్చుగాని, ఒక తీగనుంచి పక్క తీగకు పోయినప్పుడు వ్రేలికి ఒక్కసారిగా తేడా తెలియరాదు.

లావు తీగతో చిక్కు

బిగువు సమమైనంత మాత్రాన పని పూర్తికాదు. ఆదర్శమైన తీగ తన మూలస్వరంతోపాటు దానికి రెండు, మూడు, నాలుగు రెట్ల కంపనాలుగల అనుస్వరాలనుకూడ పలుకుతుంది. ఆ పొందికే నాదానికి మాధుర్యం. కాని తీగ లావయినకొద్దీ బిరుసెక్కి కడ్డీవలె ప్రవర్తిస్తుంది. అప్పుడు పై అనుస్వరాలు తమ స్థానాలు తప్పి హెచ్చుగా పలుకుతాయి. బిగువూ నిడివీ మారకుండా ఉన్నప్పుడు ఈ దోషం మందం యొక్క నాలుగో ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది. 0.30 మిల్లీమీటరు తీగకంటె 0.80 మిల్లీమీటరు తీగలో అది సుమారు 50 రెట్లు! అనుమంద్రం మొద్దుగా పలకడానికి ముఖ్యకారణం ఇదే.

దీనికి పనివారు కనిపెట్టిన ఉపాయాలు రెండు. మొదటిది కింది రెండు తీగలకు ఇత్తడిని వాడడం. ఇత్తడి ఉక్కుకంటె కొంచెం బరువు. స్థితిస్థాపక గుణకం మాత్రం ఉక్కులో సుమారు సగం. అందువల్ల సమానమైన బరువుగల ఉక్కుతీగతో పోలిస్తే ఇత్తడితీగ బిరుసు సగానికి లోపే ఉంటుంది. ఇత్తడి ఉక్కంత గట్టిది కాకపోయినా, కిందిస్థాయిలో దానిమీద పడే ఒత్తిడి తక్కువ కనుక ప్రమాదం లేదు. రెండో ఉపాయం చుట్టుతీగ. సన్నని ఉక్కుతీగమీద రాగితీగనో, ఇత్తడి వంటి మిశ్రలోహపు తీగనో దగ్గరగా చుడతారు. పైచుట్టు బరువును పెంచుతుందిగాని బిరుసును అంతగా పెంచదు.

పాశ్చాత్య శాస్త్రీయ గిటారులో కూడ సమస్య ఇదే. దాని ఆరు తీగల నిడివి సాధారణంగా 65 సెంటీమీటర్లు. మొదటి తీగకూ ఆరోదానికీ మధ్య రెండు స్థాయిల తేడా. అందుకే పై మూడూ ఒంటితీగలుగా, కింది మూడూ చుట్టుతీగలుగా ఉంటాయి. పూర్వం ఒంటితీగలను జంతువుల ప్రేగులతో చేసేవారు. 1940–50 మధ్య న్యూయార్కులో ఆల్బర్ట్ ఆగస్టీన్, ప్రసిద్ధ వాదకుడు సెగోవియా ప్రోత్సాహంతో నైలాన్ తీగలను తయారుచేశాడు. నైలాన్ తేలికైన పదార్థం కనుక మూడో తీగను లావుగా చేయక తప్పదు. అందుచేత దాని పలుకు మందగిస్తుంది. సాంద్రత ఎక్కువగల ఫ్లోరోకార్బన్‌తో చేస్తే ఆ తీగ సన్నబడి, పలుకు తేటపడుతుంది. అనుమంద్రానికి ఇత్తడి చేసిన మేలువంటిదే ఇదీను.

లావు తీగ తెగదా?

సారణి తరచు తెగిపోతుంటే లావు తీగ వేయాలని చాలమంది అనుకొంటారు. ఇది సరికాదు. మందం పెరిగితే తీగ బలం పెరిగే మాట నిజమే. కాని అదే శ్రుతికి తేవడానికి కావలసిన బిగువుకూడ సరిగ్గా అదే పాళ్ళలో పెరుగుతుంది. నిడివీ, శ్రుతీ, లోహమూ మారనంతవరకు సన్నతీగ ఎక్కడ తెగుతుందో లావుతీగా అక్కడే తెగుతుంది. పైగా గమకానికి తీగను పక్కకు లాగినప్పుడు వ్రేలికి శ్రమ ఎక్కువ. దండిమీద భారం ఎక్కువ. పై లెక్క ప్రకారం నాలుగు తీగల బిగువే సుమారు 17 కిలోలు. తాళతీగలు మూడింటి బిగువు దీనికి అదనం. తీగ తెగుతూ ఉంటే శ్రుతిని కొంచెం దించాలి; లేదా మేరువుదగ్గర, గుర్రంమీద, బిరడవద్ద తీగ ఒరుసుకొనే పదునైన అంచు ఏదైనా ఉన్నదేమో చూడాలి.

గుర్రం పాత్ర

తీగ ఎంత మంచిదైనా గుర్రం సహకరించాలి. సి.వి. రామన్ బాల్యంలో విశాఖపట్నంలో చదువుకొన్నాడు. ఆయన తండ్రి అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు. రామన్ 1921లో భారతీయ తంతివాద్యాలమీద ప్రకటించిన వ్యాసంలో వీణ, తంబురాల గుర్రాల విశేషాన్ని చూపాడు. తీగను ఒకచోట మీటితే, ఆ చోట నిశ్చలబిందువు ఉండే అనుస్వరాలు పలకకూడదని పాత సిద్ధాంతం. వీణలో అవికూడ వినిపిస్తాయి. గుర్రంపై ఉండే వంపు తిరిగిన లోహపు పలకమీద తీగ ఆనుతూ లేస్తూ ఉండడమే దీనికి కారణం. కాబట్టి నాలుగు తీగలూ మూగబోతే పరీక్షించవలసింది గుర్రాన్ని. ఒక్కటే మూగబోతే ఆ తీగను.

ఇంట్లో చేయదగిన పరీక్షలు

పాత తీగ మందం తెలియకపోతే దానిని పెన్సిలుమీద సందు లేకుండా 20 చుట్లు చుట్టి, చుట్టిన వెడల్పును స్కేలుతో కొలవాలి. అది 6 మిల్లీమీటర్లయితే తీగ మందం 0.30 మిల్లీమీటరు. దుకాణాలలో తీగలను గేజి నంబర్లతో అమ్మినప్పుడు, నంబరు పెరిగినకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోవాలి. బ్రిటిష్ గేజిలో 30వ నంబరు 0.315, 28వ నంబరు 0.376 మిల్లీమీటర్లు. తేడా స్వల్పంగా కనిపించినా, 30కి బదులు 28 వేస్తే అదే శ్రుతికి బిగువు 42 శాతం పెరుగుతుంది.

చుట్టుతీగకు మందం చాలదు; బరువు తెలియాలి. ఒక మీటరు తీగను నగల దుకాణంలోని త్రాసుమీద తూచవచ్చు. పై ఉదాహరణలోని అనుమంద్రానికి మీటరుకు దాదాపు 4 గ్రాములు, మంద్రానికి 2.2 గ్రాములు ఉండాలి.

మూడో పరీక్ష చెవితో చేసేది. పన్నెండో మెట్టుకు సరిగా పైన తీగను వ్రేలితో తాకీ తాకనట్లుంచి మీటితే పైస్థాయి స్వరం పలుకుతుంది. తర్వాత అదే మెట్టుమీద నొక్కి మీటాలి. రెండింటికీ స్పష్టమైన భేదం ఒక్క తీగలోనే వినిపిస్తే ఆ తీగ పాడైనదన్నమాట. చెమటా దుమ్మూ చేరినందువల్లనో, మెట్లకు అరిగినందువల్లనో దాని బరువు అంతటా సమంగా లేదు. భేదం అన్ని తీగలలోనూ ఉంటే మెట్టు కదిలి ఉంటుంది. మెట్లను నిలిపేది మైనం కనుక, పల్నాటి వేసవిలో వీణను ఎండ తగిలేచోట ఉంచరాదు.

మంద్రం, అనుమంద్రం రెండింటినీ ఒకేసారి మార్చడం మంచిది. కొత్తదాని పక్కన పాతది ఉంటే, లెక్క ఎంత సరిగా కుదిరినా నాదం కలవదు. నప్పిన తీగలు దొరికిన తర్వాత వాటి మందం, మీటరు బరువు, వీణ శ్రుతి ఒక కాగితంమీద వ్రాసి వీణపెట్టెలో ఉంచాలి. మరొకసారి తీగ తెగినప్పుడు బొబ్బిలికి వ్రాసినా, విజయవాడనుంచి తెప్పించుకొన్నా, అడగవలసినదేమిటో ఆ కాగితమే చెబుతుంది.