అయిదు సెంటీమీటర్ల హద్దు

భుజం చివర, చొక్కా చేతుల కుట్టు వచ్చే చోట వేలితో నొక్కితే గట్టిగా ఒక ఎముక అంచు తగులుతుంది. దాని పేరు అక్రోమియన్. అక్కణ్ణుంచి కిందికి అయిదు సెంటీమీటర్లు దాటి కండరాన్ని చీల్చకూడదని ఎముకల శస్త్రవైద్యం నేర్చుకునేవారికి మొదట్లోనే చెబుతారు. ఆ హద్దు గీసింది ఆక్సిలరీ నరం కోసం.

ఈ నరం చంకలో పుట్టి, కీలు అడుగునుంచి వెనక్కి పోయి, జబ్బ ఎముక పైభాగాన్ని వెనకనుంచి ముందుకు చుట్టుకుంటుంది. భుజానికి గుండ్రటి ఆకారాన్నిచ్చే డెల్టాయిడ్ కండరం లోపలి ముఖాన్ని అంటిపెట్టుకుని సాగుతూ దానికి కొమ్మలిస్తుంది. చెయ్యి ఎత్తి అటక మీద డబ్బా అందుకోవాలన్నా, తల దువ్వుకోవాలన్నా ఆ కండరం పనిచేయాలి. జబ్బ ఎముక పైన విరిగినప్పుడు ప్లేటు బిగించడానికి సర్జన్లు ఒక్కోసారి డెల్టాయిడ్‌ను నిలువుగా విడదీసి లోపలికి వెళ్తారు. నరం వెనకనుంచి ముందుకు వస్తోంది కాబట్టి, ఆ చీలిక దగ్గర అది తెగిందంటే చీలికకు ముందున్న కండరమంతా ఒక్కసారిగా చచ్చుబడుతుంది. చిన్న గాటుకు ఇంత పెద్ద నష్టం జరిగే చోట్లు శరీరంలో తక్కువ.

మరి ఆ హద్దు అందరికీ సరిపోతుందా? అమెరికాలో బర్క్‌హెడ్, ఆయన సహచరులు మృతదేహాల భుజాలు విప్పి కొలిచి 1992లో ఫలితాలు ప్రకటించారు. దాదాపు అయిదింట ఒక దేహంలో నరం ఎక్కడో ఒకచోట అయిదు సెంటీమీటర్ల కంటే దగ్గరగానే ఉంది. చేతులు పొట్టిగా ఉన్నవాళ్లలో దూరం తక్కువ. ఇంకో సంగతి కూడా బయటపడింది. చెయ్యిని పక్కకు తొంభై డిగ్రీలు ఎత్తితే అదే మనిషిలో ఆ దూరం సుమారు 30 శాతం తగ్గిపోతోంది. అంటే ఆపరేషన్ బల్ల మీద చెయ్యిని ఏ భంగిమలో ఉంచారన్నదాన్ని బట్టి కూడా హద్దు మారుతుంది.

భారతీయుల సగటు ఎత్తు అమెరికన్ల కంటే తక్కువన్నది తెలిసిందే. అలాంటప్పుడు ఒకే అంకెను ఆరడుగుల మగవాడికీ, నాలుగడుగుల పది అంగుళాల అవ్వకూ వర్తింపజేయడం సరికాదని నా గట్టి అభిప్రాయం. పుస్తకంలో ఆ అంకె ఉండాలి. దాని పక్కనే చేతి పొడవు సంగతి కూడా అంతే పెద్ద అక్షరాలతో ఉండాలి.

కొలతను నమ్మకుండా నరాన్ని వేలితోనే పోల్చుకునే పద్ధతి ఒకటుంది. న్యూయార్క్ శస్త్రవైద్యులు ఫ్లాటో, బిగ్లియాని దాన్ని వివరించారు. ఒక వేలిని ముందువైపునుంచి సబ్‌స్కాపులారిస్ కండరం మీదుగా కిందికి జార్చి నరాన్ని తాకుతారు. రెండో చేతి వేలిని డెల్టాయిడ్ కిందికి పోనిచ్చి, అక్కడ తగిలే నరం మీద ఉంచుతారు. ఒకచోట మెల్లగా లాగితే ఆ లాగుడు రెండోచోట తెలుస్తుంది. రెండు వేళ్ల కిందా ఉన్నది ఒకే నరమని అప్పుడు ఖాయమవుతుంది. యంత్రమేదీ అక్కర్లేని ఈ పరీక్ష నాకెంతో నచ్చుతుంది. ఎందుకంటే అది సగటు మనిషిని పక్కనపెట్టి, బల్ల మీదున్న మనిషినే అడుగుతుంది.

భుజం మాటిమాటికీ జారిపోయేవారికి చేసే లాటర్జే ఆపరేషన్‌లో ఇబ్బంది ఇంకోరకం. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరానికి చెందిన మిషెల్ లాటర్జే 1954లో దీన్ని వివరించారు. రెక్క ఎముక ముందుభాగంలో కొక్కెంలా పొడుచుకొచ్చే కోరకాయిడ్ అనే ముక్కను, దాన్ని అంటుకున్న కండరాలతో సహా కోసి, కీలుగుంట ముందు అంచున స్క్రూలతో బిగిస్తారు. ఆ కండరాల్లో ఒకదాన్ని పొడుచుకుని మస్క్యులోక్యుటేనియస్ నరం పోతుంది. మోచేతిని మడిచే ముఖ్య కండరాలకు అదే ఆధారం. ఎముక ముక్క చోటు మారితే నరం సాగే దారీ మారుతుంది, లాగుడూ పడుతుంది. ఫ్లాటో, బిగ్లియానిల బృందమే 1989లో 93 భుజాలను పరిశీలించింది. నరం కండరంలోకి దిగే చోటు కోరకాయిడ్‌కు ఒకరిలో 31 మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటే, మరొకరిలో 82 దాకా పోయింది. సన్నని కొమ్మలైతే 17 మిల్లీమీటర్ల దగ్గర కూడా కనిపించాయి. కొందరిలో ఈ నరం కండరాన్ని పొడుచుకోనే పోదు. కొందరిలో పక్కనున్న మీడియన్ నరంతో కొమ్మలు కలుపుకుంటుంది. అరుదుగా అసలు విడిగా కనిపించక, దాని పనంతా మీడియన్ నరమే చూసుకుంటుంది. అలాంటివారు బతికున్నంతకాలం చేతిని మామూలుగానే వాడుకుంటారు.

ఇన్ని తేడాలకు మూలం గర్భంలో ఉంది. నాలుగో వారం చివర పిండం పక్కన చేతి మొగ్గ పొడుచుకొస్తుంది. వెన్నుపాము నుంచి నరాల తంతువులు రసాయన సంకేతాలను పట్టుకుని అందులోకి పెరుగుతాయి. మెడ దగ్గర అయిదు నరమూలాలు కలిసి, విడి, మళ్లీ కలిసి బ్రాకియల్ ప్లెక్సస్ అనే అల్లిక తయారవుతుంది. పొలానికి నీరు చేరడం ముఖ్యం గానీ ఏ పిల్లకాలువ గుండా వచ్చిందన్నది పైరుకు పట్టదు. అలాగే తంతువు సరైన కండరాన్ని చేరితే చాలు, దారి కాస్త అటూఇటూ అయినా చెయ్యి పనిచేస్తుంది. 1918లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన అబ్రమ్ కెర్ 175 ప్లెక్సస్‌లను వర్ణిస్తూ వెలువరించిన వ్యాసంలో, ఆ అయిదింట్లో లేని నాలుగో మెడ నరం కూడా సగానికి పైగా వాటిల్లో ఎంతోకొంత తంతువులు ఇచ్చినట్టు తేలింది.

ఆ మూలాల దగ్గర మత్తు డాక్టరు పని మొదలవుతుంది. భుజం ఆపరేషన్‌కు మెడ పక్కన రెండు స్కేలీన్ కండరాల మధ్య మందు ఎక్కిస్తారు. అయిదో మెడ నరమూలం కొందరిలో ఆ రెంటి మధ్యన కాకుండా ముందు కండరంలోంచో, దాని ముందునుంచో వస్తుంది. మామూలు చోట ఎక్కించిన మందు అప్పుడు దాన్ని సరిగా అందుకోకపోవచ్చు. పక్కనే ఊపిరికి సంబంధించిన ఫ్రెనిక్ నరం ఉంది. మందు ఆ నరానికీ సోకితే ఆ వైపు ఉదర వితానం (డయాఫ్రమ్) కొన్ని గంటలు కదలదు. ఊపిరితిత్తుల జబ్బున్నవారికి అది చిన్న విషయం కాదు. అల్ట్రాసౌండ్ తెర మీద నరాన్ని చూస్తూ సూది దించడం వల్ల ఈ బెడద కొంత తగ్గింది.

రెక్క ఎముక పై అంచున ఉండే చిన్న గండి కూడా మనిషిమనిషికీ మారుతుంది. సుప్రాస్కాపులర్ నరం దాంట్లోంచే పోతుంది, పైన ఒక నారపట్టీ కప్పులా ఉంటుంది. 1979లో రెంగచారి బృందం ఈ గండిని ఆరు రకాలుగా విభజించింది. ఆరో రకంలో పట్టీ పూర్తిగా ఎముకై గండి రంధ్రంగా మారిపోతుంది. నరం నలుగుతోందని పట్టీ కోద్దామని వెళ్లిన సర్జన్‌కు అక్కడ కత్తెర సరిపోదు, ఎముక చెక్కే పరికరం కావాలి. ముందే సీటీ స్కాన్ చూసుకుంటే ఈ సంగతి తెలిసిపోతుంది. రక్తనాళం సాధారణంగా పట్టీ పైనుంచి పోతుంది గానీ, కొందరిలో నరంతోపాటే కిందనుంచి దూరుతుంది.

ఇందులో చాలా భాగం తెలిసింది వైద్య విద్యకు చేరిన మృతదేహాల వల్లే. మన వైద్య కళాశాలల డిసెక్షన్ హాళ్లలో పుస్తకంలోని బొమ్మకు సరిపోని నరం కనిపించినప్పుడు దాన్ని పక్కకు నెట్టకుండా కొలిచి, ఫొటో తీసి, నమోదు చేయించే అధ్యాపకులకు నేను చేతులెత్తి మొక్కుతాను. తెలుగువారి భుజాల కొలతలు తెలుగు నేల మీదే పోగుపడాలి.

రోగి వైపునుంచి ఒక మాట. భుజం జారినా, జబ్బ ఎముక విరిగినా ఆక్సిలరీ నరానికి అప్పుడే దెబ్బ తగిలి ఉండవచ్చు. కాబట్టి ఆపరేషన్‌కు ముందే డెల్టాయిడ్ బిగుసుకుంటోందా లేదా చూసి కేసు షీటులో రాయించుకోవాలి. జబ్బ పక్క చర్మం మీద స్పర్శ తెలుస్తోంది కదా అని ఊరుకోకూడదు. స్పర్శ బాగానే ఉండి కండరం పడిపోయిన సందర్భాలున్నాయి. నొప్పి వల్ల చెయ్యి ఎత్తలేకపోయినా, మోచేతిని డాక్టరు అరచేతికి ఎదురుగా నొక్కమన్నప్పుడు కండరం బిగుసుకుంటే వేళ్లకు తెలుస్తుంది.