కాటా మీద ఒంగోలు సీటు
ఢిల్లీలో పార్టీల బలాబలాలు మారినప్పుడల్లా పడమటి ప్రాంత ఓటు విలువ ఎలా మారింది?

కురిచేడు: మిరపకాయల బస్తా కాటా ఎక్కినప్పుడు రైతు చూపు బస్తా మీద ఉండదు, ముల్లు మీద ఉంటుంది. ముల్లు ఎంత దూరం జరిగితే అంత సొమ్ము. ఢిల్లీలో లోక్‌సభ వ్యవహారం కూడా ఇంచుమించు ఇలాంటిదే. మన రాష్ట్రం నుంచి ఏ పార్టీ ఎన్ని సీట్లు పట్టుకుపోయిందన్నది ఒక లెక్క. ఆ సీట్లకు అక్కడి ముల్లు కదిలిందా లేదా అన్నది వేరే లెక్క. ఓటరుకు కావలసింది ఈ రెండో లెక్కే.

కురిచేడు మండలం దర్శి అసెంబ్లీ నియోజకవర్గంలోది. ఇక్కడి ఓట్లు ఒంగోలు పార్లమెంటు స్థానంలో కలుస్తాయి. ఆ స్థానం హద్దులు పలుమార్లు మారాయి. అయినా 1952 నుంచి 2024 వరకు జరిగిన 18 సాధారణ ఎన్నికల్లో అక్కడ గెలిచిన వారి వరుస చూస్తే, దేశంలో పార్టీల కథ చాలావరకు తెలిసిపోతుంది. ఆ 18 సార్లలో కాంగ్రెస్ 11 సార్లు, తెలుగుదేశం మూడుసార్లు, వైఎస్సార్ కాంగ్రెస్ రెండుసార్లు, కమ్యూనిస్టు పార్టీ ఒకసారి, స్వతంత్రులు ఒకసారి గెలిచారు.

తొలి ఎన్నికలో స్వతంత్రులు

1952లో ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉంది. ఒంగోలు అప్పుడు ఇద్దరు సభ్యుల స్థానం. దేశమంతటా కాంగ్రెస్ ప్రభంజనం వీచి, 489 సీట్లలో 364 ఆ పార్టీకి దక్కాయి. ఒంగోలులో మాత్రం పి. వెంకటరాఘవయ్య, ఎం. నానాదాస్ ఇద్దరూ స్వతంత్రులుగానే నెగ్గారు.

1957లో రొండా నారపరెడ్డి కాంగ్రెస్ తరఫున గెలిచారు. 1962లో గాలి తిరిగింది. ఒంగోలులో మాదాల నారాయణస్వామి, అప్పట్లో వేరే స్థానంగా ఉన్న మార్కాపురంలో గుజ్జుల యల్లమందారెడ్డి కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థులుగా నెగ్గారు. ఆ సభలో కాంగ్రెస్‌కు 361 మంది ఉండగా, ప్రతిపక్షాల్లో పెద్దదైన కమ్యూనిస్టు పార్టీకి ఉన్నది 29 మంది. ఆ కొద్దిమందిలో ఇద్దరిని ఈ మెట్ట ప్రాంతమే పంపింది. 1964లో ఆ పార్టీ రెండుగా చీలింది. 1967లో సినీ నటుడు కొంగర జగ్గయ్య ఒంగోలు నుంచి కాంగ్రెస్ సభ్యుడయ్యారు. అదే ఎన్నికలో దేశవ్యాప్తంగా కాంగ్రెస్ బలం 283కు పడిపోయింది.

దేశం ఒక దారి, ఆంధ్ర ఒక దారి

1977లో ఎమర్జెన్సీ తర్వాత ఉత్తరాది మొత్తం కాంగ్రెస్‌ను ఊడ్చేసింది. ఆ పార్టీకి దేశంలో మిగిలినవి 154 సీట్లు. అందులో 41 ఒక్క ఆంధ్రప్రదేశ్ ఇచ్చినవే. ఒంగోలులో పులి వెంకటరెడ్డి గెలిచారు. రాష్ట్రంలో జనతా పార్టీకి దక్కిన ఒకే ఒక్క సీటు నంద్యాల, గెలిచినది నీలం సంజీవరెడ్డి. గిద్దలూరు ఓటర్లు అప్పుడు నంద్యాల స్థానంలో ఉన్నారు. తమ సభ్యుడు ముందు స్పీకరు, ఆ ఏడాదే రాష్ట్రపతి కావడం వారు చూశారు.

పన్నెండేళ్ల తర్వాత మళ్లీ అదే తంతు జరిగింది. 1989లో దేశం కాంగ్రెస్‌ను దించి 197 సీట్లకు పరిమితం చేసింది. ఆంధ్రప్రదేశ్ మాత్రం 42లో 39 స్థానాలు కాంగ్రెస్‌కే కట్టబెట్టింది. ఒంగోలులో మేకపాటి రాజమోహనరెడ్డి గెలిచారు. కేంద్రంలో అధికారానికి వచ్చిన నేషనల్ ఫ్రంట్‌కు అధ్యక్షుడు ఎన్.టి. రామారావు. ఆయన సొంత పార్టీకి లోక్‌సభలో దక్కినవి రెండే సీట్లు కావడం గమనార్హం.

ఒంగోలు నుంచి కాంగ్రెస్ గెలిచిన 11 సార్లలో 1977, 1989, 1996, 1998 నాలుగుసార్లూ ఢిల్లీలో ప్రధాని వేరే పార్టీ వారే. గెలిచామన్న సంబరం ఊళ్లో, ప్రతిపక్షం బల్లలు ఢిల్లీలో!

ముప్పై మంది ఉన్నా కదలని ముల్లు

1982లో పుట్టిన తెలుగుదేశం 1984లో 30 సీట్లు గెలిచింది. ఒంగోలు నుంచి బెజవాడ పాపిరెడ్డి వెళ్లారు. ఒక ప్రాంతీయ పార్టీ లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షం కావడం అదే మొదలు. కాని ఎదురుగా ఇందిరాగాంధీ హత్యానంతరం గెలిచిన కాంగ్రెస్ సభ్యులు 400 మందికి పైగా ఉన్నారు. సభలో పదోవంతు బలం లేనందున ప్రతిపక్ష నేత హోదా సైతం అందలేదు. కాటాలో ఒక తట్ట నిండుగా ఉన్నప్పుడు, రెండో తట్టలో ముప్పై వేసినా ముల్లు కదలదు.

1991లో ఎవరికీ సొంత మెజారిటీ రాలేదు. ఒంగోలులో మాగుంట సుబ్బరామిరెడ్డి కాంగ్రెస్ తరఫున నెగ్గారు. ఆ ఏడాది నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో ప్రధాని పి.వి. నరసింహారావు పోటీ చేశారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం అభ్యర్థినే నిలపలేదు. గిద్దలూరు ఓట్లు కలిసిన ఆ పెట్టెల్లో ఆయనకు ఐదు లక్షలకు పైగా మెజారిటీ వచ్చింది. సుబ్బరామిరెడ్డి 1995 డిసెంబరులో నక్సలైట్ల కాల్పుల్లో మరణించగా, 1996లో ఆయన సతీమణి పార్వతమ్మ ఎన్నికయ్యారు.

పన్నెండుతో స్పీకరు పదవి

1998లో తెలుగుదేశానికి దక్కినవి 12 సీట్లు మాత్రమే. కాని బి.జె.పి. 182 దగ్గర ఆగిపోయింది. సగానికి కావలసినది 272. ఆ లోటు వల్ల 12 మందికి విలువ పెరిగింది. అమలాపురం సభ్యుడు జి.ఎం.సి. బాలయోగి స్పీకరయ్యారు. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269-270 ఓట్లతో, అంటే ఒకే ఒక్క ఓటుతో పడిపోయింది. ఒక్క సీటు ఏపాటిదన్న ప్రశ్నకు ఆ రోజే జవాబు దొరికింది. ఆ తర్వాత ఎన్నికలో ఒంగోలు నుంచి కరణం బలరామకృష్ణమూర్తి గెలిచారు. తెలుగుదేశం 29 సీట్లతో వాజపేయి ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతిచ్చింది.

1984లో 30కి లేని బరువు 1998లో 12కు వచ్చింది. ఎదుటి పక్షానికి ఎంత లోటు ఉందన్నదాన్ని బట్టే మన సంఖ్యకు విలువ.

ఖాళీగా ఉన్న కుర్చీ

2014లో బి.జె.పి.కి ఒంటరిగా 282 సీట్లు వచ్చాయి. కాంగ్రెస్ 44కు చిక్కిపోయింది. ఒంగోలులో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి వై.వి. సుబ్బారెడ్డి నెగ్గారు. ప్రత్యేక హోదా కోసం 2018 ఏప్రిల్‌లో ఆ పార్టీ సభ్యులు ఐదుగురు రాజీనామా చేశారు. వారిలో ఒంగోలు సభ్యుడూ ఉన్నారు. జూన్‌లో రాజీనామాలు ఆమోదించారు. ఉప ఎన్నిక జరగలేదు. 2019 ఎన్నికల వరకు ఈ ప్రాంతానికి లోక్‌సభలో మాట్లాడే మనిషే లేకపోయాడు. 2018 జూలైలో తెలుగుదేశం పెట్టిన అవిశ్వాస తీర్మానం 126-325తో వీగిపోయింది. హోదా రాలేదు.

2019లో వైఎస్సార్ కాంగ్రెస్ రాష్ట్రంలోని 25లో 22 గెలిచింది. ఢిల్లీలో బి.జె.పి.కి 303 ఉండగా ఆ 22తో వారికి అవసరమే పడలేదు. 2024లో బి.జె.పి. 240 దగ్గర ఆగింది. తెలుగుదేశం 16 సీట్లు ప్రభుత్వం నిలబడేందుకు అవసరమయ్యాయి. ముల్లు మళ్లీ కదిలింది.

మనిషి ఒకరే, జెండాలు మూడు

2024లో ఒంగోలు నుంచి గెలిచినది మాగుంట శ్రీనివాసులురెడ్డి. 1998, 2004, 2009లలో కాంగ్రెస్ నుంచి, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి, 2024లో తెలుగుదేశం నుంచి నెగ్గారు. ఐదు గెలుపులు, మూడు పార్టీలు. చట్టం దీన్ని తప్పు పట్టదు. 1985లో వచ్చిన 52వ రాజ్యాంగ సవరణ, గెలిచాక సొంత పార్టీని వదులుకున్న సభ్యుడి పదవి ఊడగొడుతుంది. ఎన్నికకు ముందు పార్టీ మారి, మళ్లీ ఓటరు ముందుకొచ్చేవారికి అడ్డు లేదు. కనుక పార్లమెంటులో పార్టీల బలం మారిందంటే మనుషులు మారారనుకోనక్కరలేదు.

తూకం చీటీ

ఇక్కడే ఊరివాడి చిక్కు ఉంది. నడికుడి-శ్రీకాళహస్తి రైలు మార్గం సంగతే చూడండి. దర్శి, పొదిలి, కనిగిరి మీదుగా పోవలసిన ఈ 309 కిలోమీటర్ల మార్గం 2011-12 రైల్వే బడ్జెట్‌లో, కాంగ్రెస్ హయాంలో మంజూరైంది. ఆ తర్వాత మూడు లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. కేంద్రంలో ప్రభుత్వం మారింది, ఒంగోలు సీటు జెండా రెండుసార్లు మారింది. ఆలస్యానికి ఎవరిని నిలదీయాలి? ఒక పార్టీ వారు గత ప్రభుత్వం మీదికి, కేంద్రం వారు రాష్ట్రం మీదికి తోయడానికి కావలసినంత చోటుంది.

వెలిగొండ వంటి సాగునీటి పనులు ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వానివి. రైల్వేలు, జాతీయ రహదారులు కేంద్రానివి. ఏ పనికి ఎవరి గడప తొక్కాలో తెలిస్తే సగం తిప్పట తప్పుతుంది. పార్లమెంటు సభ్యుడు సభలో ఏ ప్రశ్నలు వేశాడు, మంత్రి ఏమి జవాబిచ్చాడు, ఎన్ని రోజులు హాజరయ్యాడు అన్నవి లోక్‌సభ రికార్డుల్లో ఉంటాయి. 1993 డిసెంబరులో మొదలైన సభ్యుల స్థానికాభివృద్ధి నిధి ఏ ఊరికి ఎంత వెళ్లిందన్నదీ లెక్కల్లో ఉంటుంది.

పార్టీల సంఖ్య ఓటరు చేతిలో పూర్తిగా లేదు. బీహారు, ఉత్తరప్రదేశ్ ఓటర్లు ఏమి చేస్తారన్నదాన్ని బట్టి కురిచేడు ఓటు బరువు పెరుగుతుంది, తరుగుతుంది. ఈ ఊరి చేతిలో ఉన్నది లెక్క అడగడం. కాటా దిగిన బస్తాకు చీటీ తీసుకోకుండా రైతు ఇంటికి పోడు. ఐదేళ్లకోసారి వేసే ఓటుకు కూడా ఆ చీటీ అడగవలసిందే. ముల్లు మనవైపు వాలిన ఏళ్లలో అడగడం మరీ అవసరం. అది ఎన్నాళ్లు అలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు.