మెడలో గడ్డ.. మూడు వారాలు దాటితే ఉపేక్షించరాదు
తల, మెడ భాగాల్లో అరుదైన కణితులు
నిర్ధారణకు ముందే కోత పెడితే ముప్పు

కౌతాళం: చెవి కింద వాపు కనిపిస్తే గవదబిళ్లలని పసరు పట్టు వేస్తారు. ముక్కు నుంచి రక్తం కారితే వేడి చేసిందని మజ్జిగ తాగిస్తారు. పల్లెల్లో ఇది పరిపాటి. చాలాసార్లు ఆ అంచనా సరైనదే అవుతుంది. అయితే తల, మెడ భాగాల్లో వచ్చే కొన్ని అరుదైన కణితులు సరిగ్గా ఇవే లక్షణాలతో మొదలవుతాయి. వీటిని ఆలస్యంగా గుర్తించడం ఒక ప్రమాదమైతే, ఏమిటో తేల్చుకోకుండా కోత పెట్టడం అంతకు మించిన ప్రమాదం.

అలవాట్లతో నిమిత్తం లేదు

నోరు, గొంతు క్యాన్సర్లలో ఎక్కువ భాగానికి పొగాకు, గుట్కాలే కారణం. అరుదైన కణితుల్లో చాలావాటికి ఈ అలవాట్లతో సంబంధం లేదు. ఏడాదికి లక్ష మందిలో ఆరుగురి కంటే తక్కువ మందికి వచ్చే క్యాన్సర్లను ఐరోపాలో అరుదైనవిగా లెక్కిస్తారు. లాలాజల గ్రంథుల క్యాన్సర్లు ఈ కోవలోనివే.

ఇవీ లక్షణాలు

* చెవి కింద, చెవి ముందు నొప్పి లేని గడ్డ: లాలాజల గ్రంథిలో ఏర్పడుతుంది. ఎక్కువ శాతం క్యాన్సర్ కావు. పూర్తిగా తొలగించకపోతే తిరిగి వస్తాయి. ఏళ్ల తరబడి వదిలేస్తే కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. గడ్డతోపాటు మూతి వంకర పోతే వెంటనే వైద్యుడిని కలవాలి.

* మెడ పక్కన కొట్టుకునే గడ్డ: మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని చీలే చోట పెరిగే పారాగాంగ్లియోమా కావచ్చు. ఇది పక్కలకు కదులుతుంది, పైకీ కిందకీ కదలదు. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది.

* కౌమారంలోని మగపిల్లలకు ముక్కు ఒకవైపు మూసుకుపోయి, పదేపదే రక్తం రావడం: యాంజియోఫైబ్రోమా అనే రక్తనాళాల కణితి కావచ్చు. క్యాన్సర్ కాకపోయినా ఎముకను తొలుచుకుంటూ కంటి వైపు, మెదడు వైపు విస్తరిస్తుంది.

ముందు స్కానింగ్.. తర్వాతే ముక్క పరీక్ష

సాధారణ గడ్డకు మొదట అల్ట్రాసౌండ్ తీసి, సన్నని సూదితో కణాలు సేకరించి పరీక్షిస్తారు. రక్తనాళాల కణితి అన్న అనుమానం ఉంటే ఈ పద్ధతి పనికిరాదు. యాంజియోఫైబ్రోమా నుంచి ముక్క తీస్తే ఆపలేనంత రక్తస్రావం కావచ్చు. అందుకే సీటీ, ఎంఆర్‌ఐ స్కానింగ్‌లతోనే నిర్ధారిస్తారు. మెడలో గడ్డలన్నీ క్షయ కావు. పరీక్షలో రుజువు కాకుండా నెలల తరబడి క్షయ మాత్రలు మింగితే విలువైన కాలం వృథా అవుతుంది.

చికిత్స ఇలా..

శస్త్రచికిత్సే ప్రధాన మార్గం. రక్తనాళాల కణితులకు ముందుగా గొట్టం ద్వారా రక్త సరఫరాను అడ్డుకుని, ఆ తర్వాత తొలగిస్తారు. చెవి కింద గ్రంథి మధ్య నుంచి ముఖ నరం వెళుతుంది. అది తెగితే కన్ను మూసుకోదు, మూతి వంకర పోతుంది. కాబట్టి అనుభవజ్ఞులతోనే ఆపరేషన్ చేయించుకోవాలి. క్యాన్సర్ అయితే అవసరాన్ని బట్టి రేడియేషన్ ఇస్తారు. వృద్ధుల్లో నెమ్మదిగా పెరిగే పారాగాంగ్లియోమాను కోయకుండా గమనిస్తూ ఉండటమూ ఒక పద్ధతే.

ఎక్కడికి వెళ్లాలి

కౌతాళం మండల వాసులు ముందుగా ఆదోని ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. పై పరీక్షలకు కర్నూలు సర్వజన వైద్యశాల ఉంది. హైదరాబాద్‌లో 1955లో ఏర్పాటైన ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వ రంగంలోనిదే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024లో ఎన్టీఆర్ వైద్య సేవగా మారిన పథకం క్యాన్సర్ శస్త్రచికిత్స, రేడియేషన్‌లకు వర్తిస్తుంది. బళ్లారి, రాయచూరు వెళ్లేవారు అక్కడ పథకం వర్తిస్తుందో లేదో ముందే తెలుసుకోవాలి.

పరీక్ష నివేదికలు, స్కానింగ్ ఫిల్ములు, ముక్క పరీక్ష స్లైడ్లు భద్రపరచుకోవాలి. అరుదైన కణితుల్లో రెండో నిపుణుడి పరిశీలనతో నిర్ధారణే మారిపోవచ్చు. లాలాజల గ్రంథుల్లో వచ్చే అడినాయిడ్ సిస్టిక్ క్యాన్సర్ పదేళ్ల తర్వాత కూడా ఊపిరితిత్తుల్లో బయటపడవచ్చు. గాయం మానినా వైద్యుడు చెప్పిన గడువులకు మళ్లీ చూపించుకోవడం తప్పనిసరి.