మోనికా మాత ప్రార్థన

సోదరీమణులారా! అడిగినది లభింపకున్నచో దైవము వినలేదని మనము కుందుదుము. మోనికా మాత చరిత్ర నరయుఁడు. దారి తప్పిన కుమారుఁడు అగస్టీను తన్ను విడిచి సముద్రము దాఁటకుండవలెనని 383వ సంవత్సరమున కార్తేజి రేవుచెంత నామె రాత్రియెల్లఁ గన్నీటితోఁ బ్రార్థించెను. ఆ రాత్రియే యాతఁడు తల్లిని వంచించి రోమునకుఁ బోవు నోడ నెక్కెను.

ప్రార్థన వ్యర్థమయ్యెనా? లేదు. ఆ ప్రయాణమువలననే యతఁడు మిలాను నగరముఁ జేరి, అంబ్రోసు గురువు బోధలు విని, 387లో బాప్తిస్మము పొందెను. కుమారుని వెంబడించి యచటి కేగిన తల్లి, విసుగక ప్రార్థించుచు, ఆ శుభదినమును గన్నులారఁ జూచి, ఆ యేఁటనే పరమపదించెను.

ప్రభువు ఆమె కోరిన మార్గమును నిరాకరించి, కోరిన ఫలము నొసఁగెను. బిడ్డలకై ప్రార్థించు తల్లులారా! ఫలమును ధైర్యముతో నడుగుఁడు. మార్గమును ప్రభువునకు విడువుఁడు. విశ్వాస మన నిదియే.