జాస్పర్ ఫైలు నుంచి రిపోర్టు డిజైనును తిరిగి రాబట్టడం

లక్ష్యం

ఈ భాగం చదివిన తరువాత, పోయిన రిపోర్టు డిజైనును ఏ ఫైలు నుంచి రాబట్టవచ్చో, దేని నుంచి రాబట్టలేమో మీరు వివరించగలుగుతారు.

ప్రస్తావన

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణం ఉందనుకోండి. ప్రకాశం జిల్లా నుంచి టిక్కీలు తెచ్చిన రైతుకు అక్కడి కంప్యూటరు తక్‌పట్టీ ముద్రించి ఇస్తుంది. సీజను మధ్యలో హమాలీ లెక్క కట్టే పద్ధతి మారింది. ప్రోగ్రాం రాసినవారు లేరు, డిజైను ఫైలు కనబడదు. పాత లెక్కతోనే ముద్రిస్తే రైతు చేతికందే సొమ్ము తప్పుతుంది. ఏం చేయాలి?

మూడు రకాల ఫైళ్లు

2001లో మొదలైన జాస్పర్‌రిపోర్ట్స్ అనే జావా లైబ్రరీలో డిజైను జెఆర్‌ఎక్స్‌ఎంఎల్ ఫైలులో ఉంటుంది. దాన్ని కంపైల్ చేస్తే జాస్పర్ ఫైలు వస్తుంది. డేటా నింపి ఎగుమతి చేస్తే పీడీఎఫ్ వస్తుంది.

ఎండుమిరపకాయలో గింజ ఉంటుంది కాబట్టి దానితో నారు పోసుకోవచ్చు. కారంపొడితో పోయలేము. జాస్పర్ ఫైలు ఎండుకాయ వంటిది: ఫీల్డులు, క్వెరీ, సూత్రాలు అన్నీ అందులోనే ఉంటాయి. పీడీఎఫ్ కారంపొడి వంటిది. 8.40 క్వింటాళ్లకు రూ.15,000 చొప్పున రూ.1,26,000 అన్న ఫలితం అందులో కనబడుతుంది. ఏ ఫీల్డును దేనితో గుణించారో కనబడదు.

రాబట్టే విధానం

1. జాస్పర్ ఫైలుకు నకలు తీసి, నకలుపైనే పని చేయండి.
2. జెఆర్‌లోడర్ క్లాసులోని లోడ్‌ఆబ్జెక్ట్ మెథడ్‌తో ఫైలును చదివి, ఫలితాన్ని జాస్పర్‌రిపోర్ట్ రకానికి కాస్ట్ చేయండి.
3. జెఆర్‌ఎక్స్‌ఎంఎల్‌రైటర్ క్లాసులోని రైట్‌రిపోర్ట్ మెథడ్‌కు ఆ ఆబ్జెక్టును, కొత్త ఫైలు పేరును, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌ను ఇవ్వండి. తెలుగు అక్షరాలు చెడకుండా ఉండటానికి ఈ ఎన్‌కోడింగ్ అవసరం.
4. వచ్చిన డిజైనును ఏమీ మార్చకుండా మళ్లీ కంపైల్ చేసి, పాత తక్‌పట్టీ డేటాతో నింపి, రెండింటినీ అంకె అంకెకూ పోల్చండి. సరిపోయాకనే హమాలీ సూత్రం మార్చండి.

జాగ్రత్తలు

మొదట వాడిన లైబ్రరీ వెర్షన్‌నే వాడటం మంచిది. ఉపరిపోర్టులను విడివిడిగా రాబట్టాలి. డిజైనులో రాసుకున్న వ్యాఖ్యలు తిరిగి రావు. ఎక్కడిదో తెలియని జాస్పర్ ఫైలును లోడ్ చేయవద్దు. చదివే క్రమంలోనే హానికరమైన కోడ్ నడిచే ప్రమాదం ఉంది.

సారాంశం

కంపైల్ అయిన ఫైలు మిగిలి ఉంటే డిజైను పోలేదన్నమాటే. అయినా రాబట్టిన రోజే డిజైనుకు రెండు నకళ్లు వేర్వేరు చోట్ల దాచండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పీడీఎఫ్ నుంచి సూత్రాలను ఎందుకు రాబట్టలేము?
2. మార్పు చేయడానికి ముందే పాత తక్‌పట్టీతో ఎందుకు పోల్చాలి?