ఏసీ కొనే ముందు పైకప్పు స్పెక్స్ చూడండి: తార్నాక టాప్ ఫ్లోర్ రూమ్‌కి కూలింగ్ గైడ్

ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్ ఏంటి, గేమ్ ఆడితే వేడెక్కుతుందా, కూలింగ్ ఎలా ఉంది అని పది రివ్యూలు చూస్తాం. అదే రూమ్ అద్దెకు తీసుకునేటప్పుడు? వై-ఫై ఉందా, నీళ్లు వస్తాయా, మెట్రో ఎంత దూరం అని అడిగి అడ్వాన్స్ ఇచ్చేస్తాం. ఉస్మానియా యూనివర్సిటీ చుట్టుపక్కల తార్నాక, హబ్సిగూడ, సీతాఫల్‌మండిల్లో రూమ్ వెతికిన వాళ్లకి ఇది బాగా తెలుసు. టాప్ ఫ్లోర్‌లో, డాబా మీద 'పెంట్‌హౌస్' అని చెప్పే సింగిల్ రూమ్ అద్దె కాస్త తక్కువ ఉంటుంది. ఎందుకు తక్కువో ఏప్రిల్ నెలలో అర్థమవుతుంది.

అప్పుడు అందరం చేసే పని ఒకటే. సేల్ చూసి ఏసీ బుక్ చేస్తాం. కానీ సమస్య చాలావరకు రూమ్ హార్డ్‌వేర్‌లో ఉంది. అంటే పైకప్పులో. దాన్ని వదిలేసి ఎంత మంచి ఏసీ పెట్టినా, ఛార్జింగ్ పెట్టి, దుప్పటి కింద ఉంచి ఫోన్‌లో గేమ్ ఆడినట్టే. అసలు వేడి ఎక్కడి నుంచి వస్తోంది, దాన్ని ఏ వరుసలో ఆపాలి అనేది ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

సూర్యుడు సరిగ్గా నెత్తి మీదే

హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంటే కర్కట రేఖకి దక్షిణంగా, పక్కా ఉష్ణమండలంలో. అందుకే ఏడాదికి రెండుసార్లు, మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి, మధ్యాహ్నం సూర్యుడు నిట్టనిలువుగా నెత్తి మీదకి వస్తాడు. నిలబెట్టిన సీసాకి నీడ పడదు. 'జీరో షాడో డే' అంటే ఇదే.

సరదాగా వీడియో తీసుకోవడానికి బాగుంటుంది. కానీ ఇంటి డిజైన్‌కి ఇది చాలా ముఖ్యమైన స్పెక్. సూర్యుడు పైన ఉంటే మే మధ్యాహ్నం గోడల మీద ఎండ తక్కువ పడుతుంది. దెబ్బంతా పైకప్పు మీదే. ఆ తర్వాత సాయంత్రం పడమటి గోడ మీద.

చిన్న లెక్క వేద్దాం. 10 బై 12 అడుగుల రూమ్ పైకప్పు సుమారు 11 చదరపు మీటర్లు. నడినెత్తి ఎండలో ఒక్కో చదరపు మీటరు మీద దాదాపు 1,000 వాట్ల శక్తి పడుతుంది. అంటే మీ రూమ్ స్లాబ్ మీద దాదాపు 11 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ బయటికి తోడెయ్యగలిగే వేడి సుమారు 3.5 కిలోవాట్లే. స్లాబ్ మీద పడ్డదంతా లోపలికి రాదు. కొంత వెనక్కి పోతుంది, కొంత గాలికి పోతుంది. అయినా పోటీ ఎంత అన్యాయంగా ఉందో చూడండి.

రాత్రి పదికి కూడా ఉక్క ఎందుకు?

ఎండ పోయింది, బయట గాలి చల్లబడింది, కానీ రూమ్‌లోకి వెళ్తే సెగ. కారణం కాంక్రీట్ స్లాబ్. అది పగలంతా ఛార్జ్ అయ్యే బ్యాటరీ లాంటిది. ఐదంగుళాల స్లాబ్ పైభాగంలో వేడి మొదలైన కొన్ని గంటలకి గానీ కిందికి చేరదు. మధ్యాహ్నం రెండింటికి ఎక్కిన వేడి సాయంత్రం, రాత్రి వేళల్లో సీలింగ్ నుంచి మన మీదకి దిగుతుంది. సరిగ్గా మనం చదువుకుని, తిని, పడుకునే టైమ్‌లో డిశ్చార్జ్ అవుతుందన్నమాట.

ఫ్యాన్ తిప్పితే సీలింగ్ దగ్గరి ఆ వేడి గాలే కిందికి వస్తుంది. ఎగ్జామ్స్ ముందు రాత్రి నిద్ర పట్టకపోతే తప్పు మీది కాదు, స్లాబ్‌ది.

మరి ఆర్ట్స్ కాలేజీ సంగతేంటి?

"పాత బిల్డింగులే నయం, రాతి గోడలు చల్లగా ఉంటాయి" అనే మాట వినే ఉంటారు. క్యాంపస్‌లోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ డిజైన్ చేశారు. 1934లో శంకుస్థాపన జరిగింది, 1939 డిసెంబరు 4న ప్రారంభమైంది. ఇళ్లలో ఏసీలు లేని రోజులవి. గ్రానైట్ రాయి, మందపాటి గోడలు, ఎత్తైన సీలింగ్‌లు. కూలింగ్ అంతా బిల్డింగ్ డిజైన్‌లోనే ఉండాల్సిన కాలం.

ఇక్కడ ఒక ట్విస్ట్ ఉంది. రాయి వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుంది. గోడ ఎంత మందంగా ఉంటే అంత ఆలస్యం. మందపాటి గోడలో పగటి వేడి లోపలికి చేరేసరికి రాత్రి అయిపోతుంది. అప్పటికి క్లాసులు అయిపోయి బిల్డింగ్ ఖాళీ. తెల్లారేలోపు గోడ మళ్లీ చల్లబడుతుంది. పగలు వాడే భవనానికి ఇది పర్ఫెక్ట్ టైమింగ్.

మన రూమ్‌కి టైమింగ్ ఉల్టా. మనం రూమ్‌లో ఉండేది రాత్రి. స్లాబ్ వేడి దించేదీ రాత్రే. కాబట్టి ఆర్ట్స్ కాలేజీని చూసి గోడకి రాతి పలకలు అంటిస్తే లాభం లేదు. అక్కడి నుంచి తీసుకోవాల్సింది రాయి కాదు, ప్రశ్న: 'ఈ గదిని ఏ టైమ్‌లో వాడతాం, ఆ టైమ్‌కి వేడి ఎక్కడ ఉంటుంది?' పడుకునే గదికి జవాబు, వేడిని ఆలస్యం చేయడం కాదు, స్లాబ్‌లోకి ఎక్కకుండానే ఆపడం.

ముందు కొలవండి

గ్యాడ్జెట్ పిచ్చి ఉన్నవాళ్లకి ఇష్టమైన భాగం ఇదే. కానీ ఒక జాగ్రత్త. ఫోన్‌లో రూమ్ టెంపరేచర్ చూపించే యాప్‌లని నమ్మకండి. ఎక్కువ ఫోన్లలో గాలి ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ లేదు. 2013లో వచ్చిన గెలాక్సీ ఎస్4లో ఉండేది, తర్వాత కంపెనీలు దాన్ని వదిలేశాయి. చాలా యాప్‌లు బ్యాటరీ టెంపరేచరో, ఇంటర్నెట్ నుంచి తెచ్చిన ఊరి వాతావరణమో చూపిస్తాయి. మీ రూమ్‌ది కాదు.

దీనికి కావాల్సినవి రెండే. ఒకటి, లాగ్ దాచుకునే చిన్న బ్లూటూత్ టెంపరేచర్-హ్యూమిడిటీ సెన్సర్. రెండు, సీలింగ్ వేడి చూడటానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్. గన్ ఫ్రెండ్ దగ్గర ఉంటే అడిగి తెచ్చుకోండి, ఒక్కరోజు పనే. మెరిసే మెటల్ మీద అది తప్పు చూపిస్తుంది, కాంక్రీట్, పెయింట్ మీద బాగానే పనిచేస్తుంది.

టెస్ట్ ఇలా చేయండి:

మొదటి రోజు మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 9, అర్ధరాత్రి 12కి సీలింగ్‌నీ, నాలుగు గోడల్నీ గన్‌తో కొలవండి. సెన్సర్‌ని మంచం ఎత్తులో, ఫ్యాన్ గాలి, ఎండ తగలని చోట పెట్టి రాత్రంతా లాగ్ అవ్వనివ్వండి. వీలైతే అదే బిల్డింగ్‌లో గ్రౌండ్ ఫ్లోర్ రూమ్‌లో కూడా ఒక రాత్రి కొలవండి.

సీలింగ్ గోడలకంటే బాగా వేడిగా ఉంటే శత్రువు పైకప్పు. పడమటి గోడ వేడిగా ఉంటే కిటికీ, గోడ సంగతి ముందు చూడాలి. రెండూ ఇంచుమించు సమానంగా ఉండి గాలే వేడిగా ఉంటే వెంటిలేషన్ సమస్య.

తక్కువ ఖర్చు, ఎక్కువ పనితనం: తెల్ల పైకప్పు

పాతబడిన సిమెంట్ డాబా ఎండలో చాలా భాగాన్ని పీల్చేస్తుంది. మంచి తెల్ల కోటింగ్ కొత్తలో 70 శాతానికి పైగా ఎండని వెనక్కి పంపేస్తుంది. కరెంటు అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, అప్‌డేట్లూ అక్కర్లేదు. దీన్నే 'కూల్ రూఫ్' అంటున్నారు.

తెలంగాణ ప్రభుత్వం దీని మీద ఒక పాలసీనే తెచ్చింది. 2023 ఏప్రిల్‌లో విడుదలైన తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ 2023 నుంచి 2028 వరకు. ప్రభుత్వ భవనాలకూ, 600 చదరపు గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే ఇళ్లకూ కూల్ రూఫ్ తప్పనిసరి చేసింది. అంతకంటే చిన్న ఇళ్లకి ఇష్టాన్ని బట్టి. తార్నాక సందుల్లో అద్దెకిచ్చే చిన్న బిల్డింగులు చాలావరకు ఈ రెండో లిస్టులోనే ఉంటాయి. కాబట్టి పని మనమే మొదలుపెట్టాలి.

ఆప్షన్లు మూడు. చవకైనది సున్నం, అందులో జిగురు కలిపి రెండు కోట్లు. వానాకాలం దాటితే పల్చబడుతుంది, ఏటా మార్చిలో మళ్లీ వేయాలి. రెండోది కూల్ రూఫ్ పెయింట్. కొన్నేళ్లు ఉంటుంది, డబ్బా మీద 'ఎస్ఆర్ఐ' నంబర్ చూసి కొనండి, ఎక్కువ ఉంటే మంచిది. మూడోది తెల్ల టైల్స్, ఇది ఓనర్ చేయించాల్సిన పని. ఏది వేసినా దుమ్ము పడితే పనితనం తగ్గుతుంది. వేసవిలో అప్పుడప్పుడూ ఊడ్చి కడగాలి.

పెయింట్‌కి ఒప్పుకోకపోతే డాబా మీద షేడ్ నెట్ కట్టండి. స్లాబ్‌కీ నెట్‌కీ మధ్య గాలి ఆడాలి. సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లడం కూడా పనిచేస్తుంది, కానీ ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లతో ఆ పని చేయడం గ్రీన్ లివింగ్ కాదు.

కిటికీ, ఫ్యాన్, కూలర్

పడమటి కిటికీకి కర్టెన్ లోపల వేస్తే లాభం సగమే. ఎండ అద్దం దాటి వచ్చేసిన తర్వాత వేడి లోపలే ఉంటుంది. అడ్డు బయట కట్టాలి: వెదురు తడిక, షేడ్ నెట్, లేదా మన పెద్దవాళ్లు వాడిన వట్టివేళ్ల తడక. కిటికీలు పగలు మూసి, బయట గాలి లోపలికంటే చల్లబడ్డాక తెరవండి. ఆ టైమ్ ఎప్పుడో మీ సెన్సర్ చెబుతుంది. ఒకే కిటికీ ఉంటే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టండి, గాలి బయటికి పోయే దారి ఉంటేనే కొత్త గాలి వస్తుంది.

పాత సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు తాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి సుమారు 20 యూనిట్లు మిగులుతాయి. రూమ్ మారేటప్పుడు విప్పి పట్టుకుపోవచ్చు కూడా.

కూలర్ విషయంలో ఊరు ముఖ్యం. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది, నీళ్లు బాగా ఆవిరవుతాయి, కూలర్ అదరగొడుతుంది. అదే కూలర్ విశాఖలో తేమ గాలి వల్ల చతికిలపడుతుంది. ఇక్కడైనా జూన్‌లో వానలు మొదలయ్యాక ఆపేయండి. కిటికీ దగ్గర పెట్టి బయటి గాలి లాగనివ్వాలి, ఎదురుగా ఇంకో కిటికీ తెరవాలి. తలుపులన్నీ మూసి వాడితే రూమ్ ఆవిరి పట్టిన ఇడ్లీ పాత్ర అవుతుంది.

ఇక ఏసీ

ఏసీ వద్దని చెప్పడం లేదు. చివర్లో కొనమంటున్నాం. దీనికి టెక్నికల్ కారణం ఉంది. ఇన్వర్టర్ ఏసీ కరెంటు ఆదా చేసేది రూమ్ చల్లబడ్డాక కంప్రెసర్ స్పీడ్ తగ్గించడం వల్ల. పైనుంచి స్లాబ్ వేడి కుమ్మరిస్తూనే ఉంటే స్పీడ్ తగ్గదు. అంటే ఫైవ్ స్టార్‌కి డబ్బు పెట్టి, ఆ స్టార్ల ఫలితం పొందలేరన్నమాట.

బిల్లు సంగతి ఇంకా సీరియస్. 2022లో సవరించిన తెలంగాణ టారిఫ్ ప్రకారం నెలకి 200 యూనిట్లు వాడితే ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు. 201 అయితే స్లాబ్ మారి దాదాపు 1,028 రూపాయలు. ఒక్క యూనిట్‌కి 200 రూపాయలకి పైగా తేడా. గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వచ్చే కుటుంబాలకి కూడా 200 యూనిట్లే హద్దు. ఒక టన్ను ఏసీ ఫుల్ లోడ్‌లో గంటకి ఒక యూనిట్ దరిదాపుల్లో తాగుతుంది, రాత్రికి ఎనిమిది గంటలంటే లెక్క మీరే వేసుకోండి. పైకప్పు చల్లబడితే ఈ హద్దు లోపల ఉండే ఛాన్స్ ఎక్కువ.

కొన్నాక 24 డిగ్రీలు, పైన ఫ్యాన్. 2020 నుంచి స్టార్ రేటింగ్ ఏసీలకి డిఫాల్ట్ 24 డిగ్రీలే పెట్టారు. అవుట్‌డోర్ యూనిట్‌ని డాబా మీద మండే ఎండలో కాకుండా, గాలి ఆడే నీడలో పెట్టించండి.

ఓనర్‌ని ఒప్పించేదెలా?

అద్దె ఇంట్లో అసలు చిక్కు ఇక్కడే. పైకప్పు ఓనర్‌ది, ఉక్క, బిల్లు మనవి. అందుకే టెస్ట్ రీడింగ్స్ దాచి పెట్టమన్నది. "అంకుల్, రూమ్ వేడిగా ఉంది" అంటే "ఎండాకాలం కదా బాబూ" అంటారు. రాత్రి తొమ్మిదింటి సీలింగ్ రీడింగ్ చూపించి, "సున్నం మేము కొంటాం, కూలి మీరు ఇవ్వండి" అంటే మాట ముందుకెళ్తుంది.

ఓనర్‌కి బడ్జెట్ ఉంటే పీఎం సూర్య ఘర్ పథకం గురించి చెప్పండి. 2024లో మొదలైన ఈ పథకంలో ఇంటి పైకప్పు సోలార్‌కి 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కి 30,000 రూపాయలు, 3 కిలోవాట్లు, ఆపైన 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. ప్యానెళ్లు కరెంటుతో పాటు స్లాబ్‌కి నీడ కూడా ఇస్తాయి.

ఫైనల్‌గా ఖర్చు పెట్టాల్సిన వరుస ఇది: సెన్సర్, తెల్ల పైకప్పు, బయటి అడ్డు, బీఎల్‌డీసీ ఫ్యాన్, కూలర్, ఆ తర్వాతే ఏసీ. ఒక్కో మెట్టు తర్వాత మళ్లీ కొలవండి. మూడో మెట్టు దగ్గరే నిద్ర పట్టేస్తే మిగతా డబ్బు మీ తర్వాతి ఫోన్‌కి. ఇక ఈసారి రూమ్ చూడటానికి వెళ్తే పొద్దున వెళ్లకండి. సాయంత్రం ఏడింటికి వెళ్లి, సీలింగ్ కింద రెండు నిమిషాలు నిలబడండి. అద్దె ఎందుకు తక్కువో అదే చెబుతుంది.