మడ అడవి అలను ఆపుతుందా?

దివిసీమ మాట ఎత్తితే మన సంఘాలలోని పెద్దలకు 1977 నవంబరు 19 గుర్తుకు వస్తుంది. సముద్రం ఊరిమీదికి వచ్చిననాడు దానికి అడ్డం నిలిచేది ఏమైనా ఉందా? తీరంలో బ్రతికే కుటుంబాలకు ఇది పుస్తకాల ప్రశ్న కాదు. ఆ ప్రశ్నతో పల్లె పల్లెకూ లెక్క తీసిన ఒక సముద్ర శాస్త్రవేత్త పనిని ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాము.

ఆయన పేరు కందసామి కదిరేశన్. తమిళనాడులో చిదంబరం దగ్గర, వెల్లారు నది సముద్రంలో కలిసేచోట పరంగిపేట ఉంది. అణ్ణామలై విశ్వవిద్యాలయం వారి సముద్ర జీవశాస్త్ర కేంద్రం అక్కడే. పిచ్చావరం మడ అడవి కూడా దానికి దగ్గరే. కదిరేశన్ గారు ఆ కేంద్రంలో ఆచార్యులుగా ఉండి మడ చెట్లను గూర్చి ఏళ్ల తరబడి పరిశోధించారు.

మెట్ట ప్రాంతపు పాఠకుల కొరకు ఒక మాట. మడ చెట్టు మామూలు చెట్టులా బ్రతకదు. బురదలో గాలి ఆడదు గనుక నల్ల మడ వేళ్లు మేకులు పాతినట్లు నేలలోనుండి పైకి పొడుచుకొని వస్తాయి, వాటి ద్వారానే చెట్టు గాలి పీల్చుకుంటుంది. పీల్చిన ఉప్పును ఆకుల మీదికి నెట్టేస్తుంది. ఆ ఆకును నాలుకకు తాకించి చూస్తే ఉప్పగా ఉంటుంది. ఉప్పు పొన్న గింజయితే చెట్టున ఉండగానే మొలకెత్తి, మునగకాయలా వేలాడి, తరువాత బురదలో పడుతుంది. రాలిన ఆకులు కుళ్లి పీతలకు, రొయ్య పిల్లలకు మేత అవుతాయి. తిల్ల చెట్టు కూడా ఈ అడవిదే. చిదంబరానికి తిల్లై అనే పాత పేరు దాని వలననే వచ్చింది.

2004 డిసెంబరు 26న సునామీ ఆ తీరాన్ని కొట్టింది. కదిరేశన్ గారు, రాజేంద్రన్ అనే మరొక శాస్త్రవేత్త కలిసి పరంగిపేట తీరంలోని 18 పల్లెల లెక్క తీశారు. ఎందరు చనిపోయారు, ఎంత ఆస్తి పోయింది, ఊరు సముద్రానికి ఎంత దూరం, నేల ఎంత ఎత్తు, ముందు చెట్లు ఉన్నాయా లేవా అని చూశారు. ఎత్తుగా, దూరంగా, చెట్ల వెనుక ఉన్న పల్లెలలో నష్టం తక్కువ అని 2005లో ప్రకటించారు. ఇండ్లు తీరానికి కిలోమీటరుకు పైగా దూరాన, మెరక మీద, దట్టమైన మడల వెనుక కట్టుకోవడం మంచిదన్నారు.

అయితే మరుసటి ఏడే వేరే శాస్త్రవేత్తలు అవే లెక్కలు మళ్లీ వేసి అభ్యంతరం చెప్పారు. దూరమూ ఎత్తూ లెక్కలోకి తీసుకున్న తరువాత చెట్ల వంతు మిగిలేది బహు స్వల్పమన్నారు. ఈ వాదం పండితుల తగువు అని తీసివేయరాదని మా అభిప్రాయం. నాలుగు వరుసల మొక్కలను నమ్ముకొని పల్లంలోనే ఉండిపోతే పోయేది పిల్లల ప్రాణాలు.

తుఫాను ఉప్పెన సంగతి వేరు. అది భూకంపం వలన కాదు, గాలి తోసుకొచ్చే నీరు. 1999 అక్టోబరులో ఒడిశాను పెనుతుఫాను ముంచినప్పుడు కేంద్రపడా జిల్లా గ్రామాలలో ఏమి జరిగిందో సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ పరిశీలించారు. ముందు వెడల్పాటి మడ అడవి ఉన్న ఊళ్లలో చావులు తక్కువని 2009లో తేల్చారు. దూరాన్నీ ఇతర కారణాలనూ లెక్కలోకి తీసుకున్నాకే ఆ మాట అన్నారు. అడవి కంటె ముందస్తు హెచ్చరిక కాపాడిన ప్రాణాలు ఎక్కువ అని కూడా వారే వ్రాశారు. హెచ్చరిక వినబడగానే కదలాలి, అడవినీ ఉంచుకోవాలి.

ఉంచుకోవడం ఎలాగన్న దానికి పిచ్చావరంలోనే ఒక జవాబు దొరికింది. అక్కడ అడవి చాలాచోట్ల ఎండిపోయింది. పల్లెవారు కట్టెలు కొట్టి, పశువులను మేపి పాడుచేశారని చాలాకాలం నింద మోపారు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ వారు పరిశీలించగా అసలు కారణం వేరని తెలిసింది. వెనుకటి కాలంలో అటవీ పద్ధతి ప్రకారమే పట్టీలు పట్టీలుగా అడవి నరికారు. నీడ పోయిన నేల ఎండి, తొట్టిలా క్రుంగింది. పోటుకు వచ్చిన నీరు పాటుకు తిరిగి పోలేక అక్కడే ఆవిరై ఉప్పు పేరుకొంది. ఉప్పు చవుటిలో మొక్క లేవదని రైతుకు ఎవరు చెప్పాలి?

అందుకని చేప వెన్నెముక, దాని ప్రక్కటెముకలవలె ఒక పెద్ద కాలువ, దానికి ఏటవాలుగా పిల్ల కాలువలు త్రవ్వారు. పోటుపాట్లకు నీరు వచ్చి పోవడంతో ఉప్పు కడుక్కుపోయింది, గట్ల వెంట నాటిన మడ మొక్కలు నిలిచాయి. ఇదే పద్ధతిని మన గోదావరి, కృష్ణా డెల్టాలలోనూ చేపట్టారు. పల్లెవారు ఆ పనిలో పాలుపంచుకున్నారు. కాలువలు బురదతో పూడిపోతూనే ఉంటాయి గనుక ఎప్పటికప్పుడు పూడిక తీయవలసి ఉంటుంది. ఆ పని ఆగినచోట నీరు మళ్లీ నిలిచి ఉప్పు పేరుకొంటుంది.